కారు మోడిఫికేషన్లు: ఆదివారం సెల్లార్‌లో మనమే చేసుకోవాలా, షాపుకిచ్చేయాలా?

మా ఆఫీసులో ఒకతను ఈ మధ్య కొత్త కారు తీసుకున్నాడు, బేస్ మోడల్‌కి ఒక్క మెట్టు పైది. ఇంటికొచ్చి వారం కూడా కాలేదు, చాయ్ దగ్గర పట్టుకున్నాడు. "అన్నా, స్టీరియో, డ్యాష్‌క్యామ్, అలాయ్స్, డోర్లకి డ్యాంపింగ్, లైట్లు, ఇవన్నీ బయట షాపులో ఒకేసారి చేయించేయనా, నువ్వు చేసుకున్నట్టు నేనే చేసుకోనా?" అని. ఒక్క చాయ్‌లో తేలే ముచ్చట కాదది. అందుకే కూర్చుని రాస్తున్నా, ఇంకెవరికైనా పనికొస్తుందని కూడా.

షాపులో చేయిస్తే పని పక్కాగా ఉంటుంది, మనం చేస్తే అతుకుల బొంతలా ఉంటుంది అని చాలామంది అనుకుంటారు. ఒక ఆదివారం ఏదైనా పెద్ద యాక్సెసరీస్ షాపు ముందు గంటసేపు నిలబడి చూడండి. రోడ్డు మీదే ఆరేడు కార్లు, వాటి మధ్య ఇద్దరు కుర్రాళ్ళు, లోపల కౌంటర్ దగ్గర "ఎంతసేపు భయ్యా" అంటూ కస్టమర్లు. ఆ కుర్రాళ్ళ చేతికి అలవాటు ఉంది, కాదనను. డోర్ ప్యాడ్ ఊడదీయడానికి నాకు అరగంట పడితే వాళ్ళు రెండు నిమిషాల్లో లాగేస్తారు. కానీ వాళ్ళ వెనక ఇంకో అయిదు కార్లు ఆగి ఉంటాయి, మీ కారు మీద గంట ఎక్కువ పెడితే వాళ్ళకి వచ్చేదేమీ లేదు. మనకేమో చేయి తిరగదు గానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకటే కారు. కాబట్టి నా లెక్క చాలా సింపుల్: ఓపికతో తేలే పనులు మనం చేసుకోవాలి, మెషీన్‌తో తేలే పనులు వాళ్ళకివ్వాలి. ఎవరికి ఎక్కువ తెలుసు అన్నది తర్వాతి మాట.

ఈ లెక్క నాకు ఊరికే రాలేదు. ఆరేళ్ళ కింద నా పాత హ్యాచ్‌బ్యాక్‌కి ఒక షాపులో ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టించా. షాపు పేరు ఎందుకులెండి. ముప్పావు గంటలో అయిపోయింది, స్క్రీన్ మెరిసిపోతోంది, పాటలు మోగిపోతున్నాయి, నేను ఖుషీగా ఇంటికొచ్చా. తర్వాత ఒక గురువారం కారు పార్కింగ్‌లో వదిలేసి బస్సులో ఊరెళ్ళి, సోమవారం పొద్దున వచ్చి తాళం తిప్పితే టిక్ టిక్ మని చప్పుడు తప్ప ఏమీ లేదు. బ్యాటరీ షాపతను వచ్చి చెక్ చేసి బ్యాటరీ బాగానే ఉందన్నాడు, చార్జింగ్ పెట్టి ఇచ్చాడు. పది రోజుల తర్వాత మళ్ళీ అదే కథ.

అప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో ఒక మామూలు మల్టీమీటర్ కొన్నా. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పి, మీటర్‌ని 10 ఆంపియర్ల మీద పెట్టి, ఆ వైరుకీ టెర్మినల్‌కీ మధ్య కలిపా. డోర్లన్నీ మూసి అరగంట ఆగాలి, కారులోని కంప్యూటర్లు నిద్రలోకి జారుకోవడానికి అంత టైం పడుతుంది (మీటర్ అలా కలిపి ఉన్నప్పుడు పొరపాటున కూడా కారు స్టార్ట్ చేయొద్దు, మీటర్ ఫ్యూజు ఎగిరిపోతుంది). మామూలుగా ఒక 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాల్సింది, నాకు 400 దగ్గర ఆగింది. అంటే రోజుకి దాదాపు 10 ఆంపియర్ అవర్లు కారిపోతోంది. చిన్న పెట్రోల్ కారు బ్యాటరీయే 35, మూడు రోజులకి ఇంకేం మిగులుతుంది!

డ్యాష్‌బోర్డు విప్పి చూస్తే సంగతి తెలిసింది. స్టీరియోకి పసుపు వైరు ఎప్పుడూ బ్యాటరీ నుంచి రావాలి, మెమరీ కోసం. ఎరుపు వైరు తాళం తిప్పాకే రావాలి. మనవాడు రెండూ కలిపి మెలిపెట్టి బ్యాటరీకే ఇచ్చేశాడు, పైన ఇన్సులేషన్ టేపు చుట్టాడు, ఆ టేపు ఎండకి జిగురు కారి సగం ఊడిపోయింది. కంపెనీ కప్లర్‌ని (వైర్లన్నీ ఒకేసారి గుచ్చుకునే ప్లగ్గు) కోసి పారేశాడు. అలా ఎందుకు చేశాడంటే, సరైన కప్లర్ కోసం పక్క షాపుకి వెళ్ళి తేవాలి, ఎరుపు వైరు ఎక్కడుందో మీటర్ పెట్టి వెతకాలి, దానికి పదిహేను నిమిషాలు కావాలి, ఆ పదిహేను నిమిషాలు అతని దగ్గర లేవు. పని రాక కాదు.

అందుకే స్టీరియో విషయంలో నా సలహా: మీ కారు మోడల్‌కి సరిపోయే కప్లర్, ఫ్రేము దొరికితే మీరే పెట్టుకోండి. వైరు ఒక్కటి కూడా కోయకుండా ఈ చివర ఆ చివర గుచ్చుకుంటే అయిపోతుంది, రేపు కారు అమ్మేటప్పుడు పాతది మళ్ళీ బిగించి దీన్ని తీసేసుకోవచ్చు, వారంటీలో గొడవ వచ్చినా "వైరింగ్ కట్ చేశారు సార్" అనే మాట ఉండదు. స్టీరింగ్ మీద బటన్లున్న కొత్త కార్లలో అవి క్యాన్ బస్ (కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్ల లైను) మీద మాట్లాడుకుంటాయి, ఆ మాటలు స్టీరియోకి అర్థమయ్యేలా చేసే డీకోడర్ బాక్స్ కూడా కప్లర్‌తో పాటే రావాలి, కొనేముందు అడగండి. కంపెనీ నుంచే స్క్రీన్, 360 కెమెరా ఉన్న కారైతే మాత్రం దాన్ని ముట్టుకోకండి, మీరైనా షాపైనా. ఏసీ సెట్టింగులు, కెమెరా అన్నీ అందులోనే కలిసి ఉంటాయి, ఒకటి పీకితే ఇంకోటి వస్తుంది.

మొదటిసారి చేతులు పెట్టేవాళ్ళు స్టీరియోతో కాదు, డ్యాష్‌క్యామ్‌తో, అంటే ముందు అద్దం వెనక పెట్టే రోడ్డు కెమెరాతో మొదలుపెట్టాలి. రూఫ్ లైనింగ్ అంచులో వేలితో వైరు దోపుకుంటూ పోతే చాలు. కష్టమంతా ముందు అద్దం పక్కనుండే పిల్లర్ దగ్గరే. ఆ పిల్లర్ కవర్ మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉందా చూడండి, ఈ రోజుల్లో ఆరు ఎయిర్‌బ్యాగ్‌ల కార్లలో అక్కడ కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ మడత పెట్టి ఉంటుంది. వైరు దానికి వెనకగా పోవాలి. ముందు నుంచి అడ్డంగా పోతే, ఢీకొన్నప్పుడు బ్యాగ్ తెరుచుకునే దారిలో మీ వైరు ఉన్నట్టు. షాపుల్లో ఇది ఎంతమంది పట్టించుకుంటారో నేను చెప్పలేను, నేను చూసిన రెండు కార్లలో అయితే ముందు నుంచే లాగేశారు. కరెంటు కోసం ఫ్యూజు బాక్సులో తాళం తీస్తే ఆగిపోయే స్లాట్ ఒకటి, సిగరెట్ లైటర్‌ది లాంటిది, మీటర్‌తో పట్టుకుని అక్కడ ఫ్యూజు ట్యాప్ (ఫ్యూజు స్లాట్ నుంచి ఇంకో వైరు తీసుకునే ముక్క) గుచ్చి, కెమెరాకి చిన్న ఫ్యూజు, 2 లేదా 3 ఆంపియర్లది, పెడితే సరి. ఇదంతా తలనొప్పి అనుకుంటే చార్జర్ సాకెట్‌కే పెట్టేసుకోండి, తప్పేం లేదు. ఒకటి మాత్రం: మన ఎండల్లో అద్దం వెనక కెమెరా ఉడికిపోతుంది కాబట్టి లోపల బ్యాటరీ ఉన్నది కాకుండా కెపాసిటర్ ఉన్న మోడల్ తీసుకోండి.

ఎయిర్‌బ్యాగ్ మాట వచ్చింది గనక, సీట్ కవర్లు కూడా ఇందులోకే వస్తాయి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లకి ఆ చోట కుట్టు విడిపోయేలా చేసిన కవరే వేయాలి. సీటు కింద పసుపు రంగు కప్లర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది, తాళం ఆన్‌లో ఉండగా దాన్ని పీకితే డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కూర్చుంటుంది, దాన్ని ఆర్పడానికి స్కానర్ కావాలి.

ఇక డ్యాంపింగ్, అంటే డోర్ రేకు మోత తగ్గడానికి లోపల షీట్లు అంటించడం. నన్నడిగితే, డబ్బులిచ్చి చేయించుకోవడం దండగ అనిపించే పని ఇదొక్కటే. డోర్ ప్యాడ్ తీసి, లోపలి రేకు మీద దుమ్మూ నూనే పోయేలా తుడిచి, బ్యూటైల్ షీటు (ఒక పక్క జిగట రబ్బరు, ఇంకో పక్క ఫాయిల్) ముక్కలు అంటించి, రోలర్‌తో గట్టిగా రుద్దాలి. ఫాయిల్ మీదున్న గడుల అచ్చు చదునయ్యేదాకా రుద్దాలి. చేతులు లాగేస్తాయి. షాపులో నాలుగు డోర్లూ రెండు గంటల్లో అయిపోతాయంటే ఆ రుద్దడం ఎగ్గొట్టారని అర్థం. పైకి ఏమీ కనబడదు, ప్యాడ్ బిగించేశాక ఎవరు చూడొచ్చారు? ఏప్రిల్‌లో చేస్తే హీట్ గన్ కూడా అక్కర్లేదు, షీట్లు అరగంట ఎండలో పెడితే మైనంలా మెత్తబడతాయి. మొత్తం కప్పాలనేం లేదు, రేకులో సగం కప్పినా డోర్ వేసినప్పుడు డబ్బా మోత పోయి "ధప్" అని బరువైన చప్పుడు వస్తుంది. టైరు రొద మాత్రం దీనితో పెద్దగా తగ్గదు, ఆ ఆశ పెట్టుకోకండి. చేతులకి గ్లవ్స్ తప్పనిసరి, ఫాయిల్ అంచు బ్లేడులా కోస్తుంది.

నేనూ ఇందులో ఒక ఘనకార్యం చేశాను. ఉత్సాహం ఆపుకోలేక డోర్ అడుగున ఉండే నీళ్ళ కన్నాలు కూడా షీటుతో మూసేశా. అద్దం మీద పడ్డ వాన నీళ్ళు డోర్ లోపలికి దిగి ఆ కన్నాల్లోంచే బయటికి పోతాయి. జులైలో మొదటి పెద్ద వాన పడ్డాక మలుపు తిరిగినప్పుడల్లా ఎడమ డోర్లోంచి గలగల. మా ఆవిడ "కారులో ఎక్కడో బిందె ఉంది" అంది. మళ్ళీ ప్యాడ్ విప్పాల్సి వచ్చింది, ఆ విప్పడంలో నాలుగు క్లిప్పులు విరిగాయి. క్లిప్పులు రాణీగంజ్‌లో డజన్ల లెక్కన దొరుకుతాయి, ముందే కొని పెట్టుకోండి, ఎలాగూ విరుగుతాయి.

లైట్ల దగ్గర కొంచెం నిదానించాలి. హెడ్‌లైట్లలో వాడే హెచ్4 హాలోజన్ బల్బు 60/55 వాట్లు (హై బీమ్/లో బీమ్). దాని బదులు 100/90 వాట్లది పెడితే కరెంటు లాగడం అయిదు ఆంపియర్ల నుంచి ఎనిమిది దాటుతుంది, కంపెనీ వైరూ స్విచ్చూ దానికోసం చేసినవి కావు, హోల్డర్ కరిగిపోతుంది. వెలుగు చాలట్లేదంటే వాట్లు పెంచకుండా ముందు రిలే కిట్ పెట్టి చూడండి. బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి వైరుతో, మధ్యలో ఫ్యూజుతో కరెంటు వస్తుంది గనక అదే బల్బు ఇంకా తెల్లగా వెలుగుతుంది. రిలే కిట్ కూడా కప్లర్ రకమే, మనమే పెట్టుకోవచ్చు. హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్‌ఈడీ బల్బు గుచ్చడం మాత్రం నాకు నచ్చదు. మనకి రోడ్డు తెల్లగా కనిపిస్తుంది గానీ వెలుగు ఎటుపడితే అటు చెదిరి ఎదుటివాడి కళ్ళలో కొడుతుంది, సింగిల్ రోడ్డు మీద రాత్రిపూట అది ఎంత నరకమో మనందరికీ తెలుసు. బల్బు మార్చాక సెల్లార్ గోడ మీద రెండు లైట్ల ఎత్తు ఒకటిగా ఉందో లేదో టేపుతో గుర్తుపెట్టి చూసుకోవడం కూడా మన ఓపిక పనే, ఏ షాపువాడూ చేయడు.

మెషీన్ పనులకి వస్తే అక్కడ నాకు రెండో మాట లేదు. టైర్లు, అలాయ్ వీల్స్, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్, డెంటింగ్, పెయింటింగ్, పీపీఎఫ్ (పెయింట్ మీద గీతలు పడకుండా అంటించే ఫిల్ము) ఇవన్నీ డబ్బులిచ్చి చేయించుకోండి. యూట్యూబ్ చూసి స్ప్రే డబ్బాతో బంపర్ మీద పెయింట్ కొట్టి, దుమ్ము అంటి గరుకు కాగితంలా తయారయ్యాక మళ్ళీ షెడ్‌కి తీసుకెళ్ళి రెండింతలు ఇచ్చినవాళ్ళని చూశా. కానీ కొనేముందు లెక్క మాత్రం మీరే వేసుకోండి, ఆ లెక్క షాపుకి వదిలేయకండి. ఉదాహరణకి 185/65 ఆర్15 (వెడల్పు మిల్లీమీటర్లలో, పక్క గోడ ఎత్తు అందులో ఎంత శాతం, రిమ్ము అంగుళాల్లో) టైరు వ్యాసం సుమారు 621 మిల్లీమీటర్లు. అలాయ్ పదహారుకి మార్చి 195/55 వేస్తే అదీ 621 దగ్గరే వస్తుంది, స్పీడోమీటర్‌కి తేడా తెలియదు. అదే పదిహేనులోనే 195/65 వేస్తే 634 దాటుతుంది, రెండు శాతం పెద్దది. మీటర్ వంద చూపిస్తుంటే కారు దానికన్నా రెండు కిలోమీటర్లు ఎక్కువ పోతుంటుంది. మూడు శాతం దాటనివ్వకండి. బోల్టుల లెక్క, పీసీడీ (బోల్టులుండే వలయం వ్యాసం), మధ్య రంధ్రం కూడా కలవాలి. సరిపోకపోతే "రింగ్ వేసి సెట్ చేద్దాం సార్" అంటారు, ఆ మాట వింటే వెనక్కి తిరిగి వచ్చేయండి. స్టైల్ కోసం సైడ్ వాల్ (టైరు పక్క గోడ) మరీ సన్నం చేసుకుంటే మన స్పీడ్ బ్రేకర్లకీ, వానాకాలం గుంతలకీ రిమ్ము వంగడం ఖాయం.

టైరు షాపులో గన్‌తో నట్లు బిగిస్తారు చూడండి, అది అయిపోయాక ఇంటికొచ్చి అన్నీ లూజు చేసి టార్క్ రెంచితో ఓనర్స్ మాన్యువల్‌లో రాసినంతే బిగించండి. ఆ గన్ బిగింపుకి రాత్రి ఔటర్ రింగ్ రోడ్డు మీద పంక్చరైతే స్టెప్నీ మార్చడానికి పానా మీద ఎక్కి గెంతాల్సొస్తుంది. వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూసుకోండి.

సస్పెన్షన్, బ్రేకులు, స్టీరింగ్ గురించి పెద్దగా రాయను. కాయిల్ స్ప్రింగు నొక్కి పెట్టే పని సెల్లార్‌లో జాకీ మీద చేసేది కాదు, జారితే ఎముకలు విరుగుతాయి. తెలిసిన మంచి షెడ్ ఉంటే అక్కడ, లేకపోతే అసలు వద్దు. ఈసీయూ రీమ్యాప్ (పవర్ కోసం ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) కూడా అంతే, వారంటీ ఉన్న కారుకి నేనైతే ముట్టుకోను.

ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. పని ఎవరు చేసినా చలానా ఓనరుకే వస్తుంది. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు, అంటే కంపెనీ మొదట ఇచ్చిన రూపం, మారేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో వచ్చిన 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని మార్పులు చేసిన ఓనరుకి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. స్టీరియోకీ డ్యాష్‌క్యామ్‌కీ ఈ బాధ లేదు. సైలెన్సర్ మార్చడం, మల్టీ టోన్ హారన్లు, ముందు బుల్ బార్ (బంపర్ ముందు బిగించే ఇనప కడ్డీలు), రంగు మార్చి ఆర్‌సీలో రాయించకపోవడం, ఇలాంటివాటికే ఉంది. బుల్ బార్ల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. పైగా అవి ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ల లెక్క తప్పిస్తాయి. నల్ల ఫిల్ముల మీద సుప్రీంకోర్టు 2012లో తీర్పిచ్చింది. నిబంధనల్లో ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుగు రావాలి. "ఏం కాదు సార్, సిటీలో అందరూ వేస్కుంటున్నరు" అని ఫిల్ము అంటించిన షాపువాడు, ట్రాఫిక్ పోలీసులు రోడ్డు మీద గీకి పీకేటప్పుడు పక్కన ఉండడు. సీఎన్‌జీ కిట్ అయితే అధీకృత సెంటర్‌లోనే, ఆర్‌సీలో ఎక్కించి, ఇన్సూరెన్స్‌కి చెప్పి పెట్టించాలి. సిలిండర్‌కి మూడేళ్ళకోసారి టెస్టు ఉంటుంది.

డబ్బుల సంగతి నిజం చెప్పాలంటే, ఒక్క పని కోసం సొంతంగా మొదలుపెడితే ఏమీ మిగలదు. ప్లాస్టిక్ ట్రిమ్ టూల్స్, మీటర్, క్రింపర్, టెన్ ఎంఎం సాకెట్లు (ఒకటి ఎలాగూ పోతుంది, రెండు కొనండి), గుడ్డ టేపు, ఇవన్నీ కలిపి నాకు మూడు వేలు దాటింది, టార్క్ రెంచి విడిగా. షాపు ఫిట్టింగ్ చార్జీ దానికన్నా తక్కువే. మూడో నాలుగో పని నుంచి లాభం కనిపిస్తుంది. ఆదివారాలు పోతాయి, ఇంట్లో సణుగుడు ఉంటుంది, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సాయంత్రం ఎవరో ఒకరు వచ్చి "ఏం రిపేరు?" అని అడుగుతూనే ఉంటారు. ఇవన్నీ తలనొప్పి అనిపిస్తే మొహమాటం లేకుండా షాపుకిచ్చేయండి, అందులో చిన్నతనం ఏం లేదు. ఇచ్చేటప్పుడు మాత్రం మూడు మాటలు ముందే మాట్లాడుకోండి: వైరు కోస్తారా కప్లర్ పెడతారా, పోతే ఎన్ని రోజుల దాకా మళ్ళీ చూస్తారు, జీఎస్‌టీ బిల్లు ఇస్తారా. కారు ఇచ్చేముందు తాళం తిప్పి డ్యాష్‌బోర్డులో లైట్లు ఏవి వెలిగి ఆరుతున్నాయో వీడియో తీసుకోండి. ఆదివారం కాకుండా మంగళవారం పొద్దున, షట్టర్ లేపగానే వెళ్ళండి, అక్కడే కూర్చోండి. అదే కుర్రాడు అప్పుడు ఎంత నీటుగా పని చేస్తాడో చూసి ఆశ్చర్యపోతారు.

ఈ రెండింటికీ మధ్య దారి ఒకటుంది, ఇప్పుడు నేను పోతున్నది అదే. రివర్స్ కెమెరా వైరు డిక్కీ నుంచి డ్యాష్‌బోర్డు దాకా కార్పెట్ కింద లాగడం రెండు గంటల ఓపిక పని, అది నేను శనివారం రాత్రే చేసేసుకుంటా. డిక్కీ తలుపుకి కెమెరా కోసం రంధ్రం కొట్టడం, తుప్పు పట్టకుండా అంచుకి ప్రైమర్ పూయడం, ఆ ధైర్యం నాకు లేదు. దానికి ఆటోనగర్‌లో తెలిసిన ఉస్తాద్ ఉన్నాడు. క్రితం సారి ఆయన వెనక కూర్చుని నేను లాగిన వైరు అటూ ఇటూ చూశాడు, కార్పెట్ ఎత్తి చూశాడు, రంధ్రం కొట్టాడు, ప్రైమర్ పూశాడు. ఎంతివ్వాలని అడిగితే మామూలుగా తీసుకునేంతే చెప్పాడు.

"సగం పని నేనే చేసుకొచ్చాను కద ఉస్తాద్" అన్నాను.

"నువ్వు లాగింది సరిగ్గున్నదో లేదో చూసిన కద, గా సగానికి పైసలు" అన్నాడు.